గొడ్డు పూల బజ్జీలు

ఎలీషబా గుమ్మడికాయ ఇస్తానని చర్చిలో మైకు పట్టుకుని చెప్పింది. అది జూలైలో ఒక ఆదివారం. తల్లి కేథరిన్ మార్కాపురం ఆసుపత్రిలో కాన్పయి, బిడ్డతో ఇంటికి చేరాక మొదటిసారి ఆరాధనకు వచ్చిన రోజు. సాక్ష్యం చెప్పేవాళ్ళు లేవండి అని పాస్టర్ పాల్ రాజు అడిగితే, అందరికంటే ముందు లేచింది ఏడో తరగతి చదివే ఎలీషబాయే.

"మాయమ్మను, తమ్ముణ్ణి దేవుడు క్షేమంగా ఇంటికి తెచ్చినాడు. అందుకని కోత పండక్కి నేను ఒక గుమ్మడికాయ ఇస్తా" అంది. కాస్త ఆగి, "పెద్దది" అని చేర్చింది.

సంఘం ఆమెన్ అంది. వెనక వరసలో మగపిల్లలు నవ్వారు. ముందుగా నవ్వినవాడు ఎలీషబా తరగతిలోనే చదివే ఎజ్రా.

వాళ్ళ ఊరు ఎగువపాలెం. పుల్లలచెరువు మండలంలో అడివి అంచున ఉంటుంది. అక్కడ కోత పండుగ నవంబరు ఆఖరి ఆదివారం జరుగుతుంది. ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి చర్చిలో బల్ల ముందు పెడతారు. కందులు, సజ్జలు, ఆముదాలు, కోళ్ళు, గుడ్లు, ఏదైనా సరే. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. నియమం ఒక్కటే. సొంతంగా పండించింది పెట్టాలి, కొని తెచ్చింది పెట్టకూడదు. ఒక ఏడు ఒకాయన పొదిలి సంతలో సొరకాయ కొని తెచ్చి పెట్టాడు. దాని మీద వ్యాపారి వేసిన సున్నం గుర్తు అలాగే ఉంది. ఆయన్ని ఊళ్ళో ఈనాటికీ పొదిలి సొరకాయ అనే పిలుస్తారు. ఆయన కొడుకును కూడా.

గింజలు నాటింది ఎలీషబా నాయనమ్మ సుబ్బులు. ఊరికి నీళ్ళు ట్యాంకరు తెస్తుంది. తాగడానికి, వంటకు పోగా చెట్టుకు మిగిలేవి స్నానం నీళ్ళే. ఆ నీళ్ళు పోయే చోట పాదు తీసి, పలకరాళ్ళ గోడ మీదికి తీగ పాకించారు. ఆగస్టులో ఎజ్రా వాళ్ళ మేక గోడ ఎక్కి ఆ తీగను మొదలుదాకా తినేసింది. సుబ్బులు వీధిలో నిలబడి మేకను తిట్టింది. మేకతో ఆగకుండా మేకను పెంచినవాణ్ణీ తిట్టింది. పెంచినవాడు ఎజ్రా నాయన యోబు. సుబ్బులుకు చెల్లెలి కొడుకు. ఆ రోజు నుంచి సుబ్బులు యోబు గుమ్మం తొక్కలేదు, యోబు సుబ్బులు గుమ్మం తొక్కలేదు. రెండిళ్ళకూ మధ్య ఉన్నది నాలుగిళ్ళు.

సుబ్బులు మళ్ళీ గింజలు పెట్టింది. రెండో తీగ సెప్టెంబరులో గోడ దాటి ఇంటి కప్పు రేకుల మీదికి చేరింది. పూలు పూసింది.

పూలు మొదలైన వారమే పాల్ రాజు ఒక ప్రసంగం చేశాడు. కాపు లేని కొమ్మను తోటవాడు ఉంచడు, గిల్లేస్తాడు, ఎందుకంటే బలం కాసే కొమ్మకు పోవాలి, అన్నాడు. మనుషుల సంగతి చెప్పాడు. ఎలీషబా ఇంటికి వచ్చి తీగను చూసింది. కొన్ని పూల వెనక గోలీకాయంత పిందె ఉంది. కొన్నిటికి లేదు, ఉత్త కాడ మీద పూసి ఉన్నాయి. పిందె లేనివే ఎక్కువ.

"అవ్వా, ఇవేంది, వీటికి పిందె లేదు?"

"అవి గొడ్డు పూలు."

"అయ్యగారు చెప్పినారు గదా, కాపు లేనిదాన్ని గిల్లేయాలని."

సుబ్బులు కాసేపు తీగ వంక చూసింది. అయ్యగారు చెప్పాక కాదనడానికి ఆమెకు కారణం కనిపించలేదు. "గిల్లు. బలం పిందెలకి పోతాది" అంది.

అప్పటి నుంచి ఎలీషబా రోజూ పొద్దున్నే నిచ్చెన వేసుకుని గొడ్డు పూలు గిల్లింది. మొగ్గలను కూడా వదల్లేదు. పూలను సుబ్బులు పారేయలేదు. శనగపిండిలో ముంచి బజ్జీలు వేసింది. ఇంటిల్లిపాదీ తిన్నారు. మార్కాపురం దగ్గర పలకల గనిలో పని చేసే ఎలీషబా నాయన శనివారం ఇంటికి వస్తే ఆయనకూ పెట్టారు. బాగున్నాయన్నాడు.

పిందెలు మాత్రం నిలవలేదు. పువ్వు విచ్చుకున్న నాలుగో రోజుకు పిందె పసుపుపచ్చగా మారి రాలిపోయేది. ఎలీషబా ఇంకా జాగ్రత్తగా గిల్లింది. ఇంకా రాలాయి. దసరా సెలవులు అయిపోయాయి. తీగ మీద ఒక్క కాయ లేదు.

"ఏమ్మే, గుమ్మడికాయ యాడిదాకా వచ్చినాది?" అని ఎజ్రా బడి దారిలో అడిగేవాడు. "పెద్దది గదా, ఎడ్లబండి మాట్లాడాల్నా?"

"నీకెందుకురా?"

"అయ్యో, మోయడానికి మేం రావద్దా?"

*

సైన్సు చెప్పే లక్ష్మీప్రసన్న టీచర్‌ది మార్కాపురం. ఆ ఏడే ఉద్యోగంలో చేరింది. పుల్లలచెరువులో గది తీసుకుని స్కూటీ మీద ఎగువపాలెం వస్తుంది. వాళ్ళ నాన్న కోటేశ్వర్లుకు మార్కాపురంలో పలకల దుకాణం ఉంది. పలకలు కొనే బడులు తగ్గి సరుకు మిగిలిపోయింది. సెలవుల తర్వాత ఆమె ఒక సంచీ నిండా పలకలు తెచ్చింది.

చెప్పాల్సిన పాఠం ఆవరణ వ్యవస్థ. ఆమె పుస్తకం తెరవలేదు. పదకొండు మంది పిల్లల్ని చెట్టు కిందికి తీసుకెళ్ళి, పదకొండు పలకలు బోర్లించి పెట్టింది. ఒక్కో పలక మీద సుద్దముక్కతో ఒక్కో పేరు రాసి ఉంది. పలకకు దారం కట్టి ఉంది. ఎవరు తీసింది వాళ్ళు మెడలో వేసుకోవాలి.

ఎజ్రాకు పులి వచ్చింది. వాడు పలక మెడలో వేసుకుని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. రూబీకి గుమ్మడి తీగ వచ్చింది. ఎలీషబాకు తేనెటీగ. క్రాంతి కుమార్‌కు పేడపురుగు.

"టీచర్, నాది మార్చండి" అన్నాడు క్రాంతి కుమార్.

"ఎందుకు?"

"పేడపురుగు టీచర్."

"పేడపురుగు లేకపోతే అడవిలో పేడంతా ఎవరు ఎత్తుతారు?"

"మాయమ్మ ఎత్తుతాది టీచర్. మా కొట్టంలో ఆమే ఎత్తేది."

నవ్వులు ఆగాక టీచర్ మంచాల నులక తీసింది. ఎవరు ఎవరిని తింటే వాళ్ళ మధ్య ఒక తాడు. ఎవరికి ఎవరితో పని ఉంటే వాళ్ళ మధ్య ఒక తాడు. గడ్డికీ జింకకూ, జింకకూ పులికీ. గుమ్మడికి అడివిపంది, అడివిపందికి పులి. పేడపురుగు చేతికి మూడు తాళ్ళు వచ్చేసరికి క్రాంతి కుమార్ పలక మార్చమనడం మానేశాడు. తేనెటీగ చేతిలో ఒకటే తాడు ఉంది. దాని రెండో కొస గుమ్మడి చేతిలో ఉంది.

"అందరూ గట్టిగా లాగి పట్టుకోండి. తేనెటీగా, ఇప్పుడు నువ్వు వదిలేయ్" అంది టీచర్.

ఎలీషబా తాడు వదిలేసింది. వదిలేసరికి రూబీ వెనక్కి తూలి, పంది తాడు జారవిడిచింది. పంది తాడు వదులయ్యేసరికి పులి తాడు నేలకు తగిలింది. ఎజ్రా తన చేతిలోని తాడు వంక చూసుకున్నాడు.

"ఇదేంది టీచర్? తేనెటీగ పోతే పులికేంది?"

"నువ్వే చెప్పు. రూబీ, తేనెటీగ లేకపోతే గుమ్మడికి ఏమవుతుంది?"

"కుట్టేవాళ్ళు ఉండరు టీచర్" అంది రూబీ.

టీచర్ ఒక పలక తీసుకుని దాని మీద రెండు పూల బొమ్మలు గీసింది. గుమ్మడి తీగకు రెండు రకాల పూలు పూస్తాయని చెప్పింది. "వెనక పిందె ఉండేది ఆడపువ్వు. పిందె లేకుండా ఉత్త కాడ మీద ఉండేది మగపువ్వు. మగపువ్వులో పుప్పొడి ఉంటుంది. అది తినడానికి, తేనెకు తేనెటీగ వస్తుంది. కాళ్ళకు అంటుకున్న పుప్పొడితో పోయి ఆడపువ్వు మీద వాలుతుంది. అది అక్కడ రాలితేనే పిందె నిలుస్తుంది. లేకపోతే పసుపుపచ్చగా అయిపోయి రాలిపోతుంది."

ఎలీషబా చెయ్యెత్తింది.

"టీచర్, పిందె లేనివి గొడ్డు పూలు గదా?"

"గొడ్డు పూలని ఎవరన్నారు?"

"మాయవ్వ. అయ్యగారు గూడా చెప్పినారు, కాపు లేనిది గిల్లేయమని."

"గిల్లేశావా?"

"అన్నీ గిల్లేసినా టీచర్. మొగ్గలు గూడా."

"మరి ఆ పూలన్నీ ఏం చేశావు?"

ఎలీషబా మెడలోని పలక పట్టుకుని నిలబడింది. "నిన్న మీకు డబ్బాలో తెచ్చినా గదా టీచర్" అంది. "బజ్జీలు."

ఆ బజ్జీలను టీచర్ స్టాఫ్ రూములో తింది. ఎలా చేశారో అడిగి తెలుసుకుని, మార్కాపురంలో ఉన్న వాళ్ళమ్మ ఇందిరమ్మకు ఫోనులో చెప్పింది కూడా. ఇప్పుడు చేతిలోని సుద్దముక్క కింద పెట్టింది.

"తేనెటీగల బువ్వ టీచర్ తినేసినాది!" అన్నాడు ఎజ్రా.

టీచర్ నవ్వకుండా ఉండాలని చూసింది, కుదరలేదు. "తిన్నాను. ఒక్కటి కూడా మిగల్చలేదు" అంది.

అందరూ నవ్వారు. ఎలీషబా నవ్వలేదు. చర్చిలో మైకు పట్టుకుని చెప్పిన మాట సంగతి ఆమె అప్పుడు టీచర్‌కు చెప్పింది.

*

బడి వదిలాక టీచర్ ఎలీషబాతో కలిసి ఇంటికి వచ్చి, చీర కుచ్చెళ్ళు దోపుకుని నిచ్చెన ఎక్కింది. ఒకచోట పిందె ఉన్న మొగ్గ ఒకటి కొసన పసుపు రంగు తిరిగి ఉంది. తెల్లవారితే విచ్చుకుంటుంది. మిగతా ఆడమొగ్గలన్నీ ఆకుపచ్చగానే ఉన్నాయి. మగమొగ్గలు సజ్జగింజంత ఉన్నాయి.

"ఈ ఒక్కటి రేపు నిలిస్తే నవంబరు ఆఖరికి కాయ ముదురుతుంది. తర్వాత వచ్చేవాటికి టైము చాలదు" అంది టీచర్. "కానీ రేపటికి మగపువ్వు కావాలి. ఈ తీగ మీద లేదు."

సుబ్బులు కింద నిచ్చెన పట్టుకుని నిలబడి ఉంది.

"గొడ్డు పూలని మాయమ్మ అన్నాది, వాళ్ళమ్మా అన్నాది" అంది. "అన్నారు గానీ ఎవురూ గిల్లలేదు. మనమే గిల్లినాం."

మంచం మీద బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న కేథరిన్, "పోనీలే అత్తా, శనివారం ఆయన వచ్చేటప్పుడు ఎర్రగొండపాలెంలో ఒకటి కొనుక్కొస్తాడు. ఎవురికి తెలుస్తాది?" అంది.

"దేవుడికి తెలుస్తాది" అంది ఎలీషబా. "ఎజ్రాగాడికి గూడా తెలుస్తాది. నన్ను చచ్చేదాకా ఎర్రగొండపాలెం గుమ్మడికాయ అంటారు. తమ్ముణ్ణి గూడా అంటారు."

ఊళ్ళో గుమ్మడి తీగ ఇంకొకటే ఉంది. యోబు మేకల కొట్టం మీద. దాని మీద పూలు వీధిలోకి కనపడుతూ ఉంటాయి.

"నేను మాత్రం ఆ గుమ్మం తొక్కను" అంది సుబ్బులు, ఎవరూ అడగకముందే.

ఎలీషబా ఒక్కతే వెళ్ళింది. యోబు వాకిట్లో మంచం మీద పడుకుని ఫోను చూస్తున్నాడు. ఎజ్రా మేకలకు రొట్ట వేస్తున్నాడు.

"చిన్నాయనా, రేప్పొద్దున ఒక మగపువ్వు ఇస్తారా?"

యోబు లేచి కూర్చున్నాడు. "పువ్వులో మగపువ్వేందే?"

ఎలీషబా చెప్పింది. యోబు మొదటినుంచి చివరిదాకా విన్నాడు. "అంటే, మీ తీగకు సంబంధం చూడాల" అన్నాడు. "మీ అవ్వ పంపించినాదా?"

"లేదు చిన్నాయనా."

"పంపియ్యదులే. మా మేకను అన్న మాటలకి అది మూడు దినాలు మేత ముట్టలేదు."

"మా తీగ తినింది గదా, ఆకలి లేదేమో చిన్నాయనా" అంది ఎలీషబా.

యోబు నవ్వి కొడుకు వంక చూశాడు. "తీగ వాడిది. నీళ్ళు పోసేది వాడే. వాణ్ణే అడుగు."

ఎజ్రా రొట్ట కింద పడేసి చేతులు కట్టుకున్నాడు. పులి పలక మెడలో లేకపోయినా ఉన్నట్టే నిలబడ్డాడు.

"ఊరికే ఇయ్యను."

"ఏం కావాల?"

ఎజ్రా ఆలోచించాడు. ముందుగా ఆలోచించి పెట్టుకున్నది ఏమీ లేదని తెలిసిపోతూనే ఉంది. "కోత పండగప్పుడు సాక్ష్యంలో నా పేరు చెప్పాల. మైకులో. ఎజ్రా ఇచ్చినాడని."

"చెప్తా."

"ఎజ్రాగాడు అనగూడదు. ఎజ్రా అనాల."

"సరే."

"రేప్పొద్దున తెచ్చిస్తా పో" అన్నాడు ఎజ్రా.

*

పువ్వు ఎండెక్కేదాకానే తెరుచుకుని ఉంటుందని టీచర్ చెప్పింది. అందుకని బడికి ముందే తరగతి అంతా ఎలీషబా ఇంటి దగ్గర చేరింది. టీచర్ స్కూటీ గోడ పక్కన ఆపింది. ఆడపువ్వు విచ్చుకుని ఉంది. తేనెటీగ ఒక్కటీ లేదు. ఎజ్రా కూడా లేడు.

"పులి నిద్ర లేవలేదేమో టీచర్" అన్నాడు క్రాంతి కుమార్.

అంతలో ఎజ్రా పరుగెత్తుకుంటూ వచ్చాడు. వెనక చీపురు పట్టుకుని వాళ్ళమ్మ ప్రశాంతి వస్తూ ఉంది. ఎజ్రా చేతిలో పువ్వు ఉంది. పువ్వు వెనక నిమ్మకాయంత పిందె ఉంది.

"చూసినారా టీచర్? నిలిచిన పిందెను తెంపుకొచ్చినాడు!" అంది ప్రశాంతి. "కూరకి అవుతాదని చూసుకుంటా ఉండా."

"అన్నిటికంటే పెద్ద పువ్వు తెచ్చినా అమ్మా" అన్నాడు ఎజ్రా.

"ఒరే, ఇది ఆడపువ్వురా!" అంది ఎలీషబా. "నిన్న టీచర్ బొమ్మ గీసి చెప్పినాది గదా."

"నేను పులిని గదా, పూల సంగతి నాకెట్ల తెలుస్తాది?"

టీచర్ ఎండ వంక చూసింది. గోడ నీడ పాదు దాకా వచ్చేసింది. ఆడపువ్వు అంచులు లోపలికి ముడుచుకోవడం మొదలైంది. "ఎవరైనా పరుగెత్తండి. కాడ మీద ఉన్నది, పిందె లేనిది" అంది. నలుగురు కదిలారు. వాళ్ళు వీధి మలుపు తిరగకముందే ఎదురుగా యోబు వచ్చాడు. చేతిలో స్టీలు పళ్ళెం ఉంది. పళ్ళెంలో ఐదు మగపూలు ఉన్నాయి. ఎజ్రా తెంపింది చూసి, సరైనవి తానే కోసుకుని బయల్దేరానని చెప్పాడు.

వాకిలి దగ్గరికి వచ్చి ఆగాడు. లోపలికి రాలేదు.

"పెద్దమ్మా" అని పిలిచాడు. "మగపెళ్ళివాళ్ళం వచ్చినాం. కాళ్ళకి నీళ్ళు యాడ?"

సుబ్బులు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. పిల్లలందరూ ఆమె వంకే చూశారు. ఆమె పళ్ళెం వంక చూసింది.

"ట్యాంకరు రాలేదు. కాళ్ళకి నీళ్ళు లేవు" అంది. "టీ తాగుతావా?"

"తాగుతా."

"అయితే లోపలికి రా. మేకను తేలేదు గదా?"

"పెళ్ళికి పిలవలేదని అలిగినాది పెద్దమ్మా."

టీచర్ ఒక మగపువ్వు రేకులు ఒలిచి, నడిమి కాడను ఎలీషబా చేతికిచ్చింది. నేను కూడా చదవడమే గానీ ఎప్పుడూ చేయలేదని ముందే చెప్పేసింది. ఎలీషబా నిచ్చెన ఎక్కి, పుప్పొడి ఉన్న కొసను ఆడపువ్వు నడుమ ఉన్న ముద్దకు అన్ని వైపులా రాసింది. రెండో పువ్వు అందించమంది. అదీ రాసింది. మూడో పువ్వు కోసం చెయ్యి చాపితే, పళ్ళెం అందుకుని నిలబడ్డ ఎజ్రా ఇవ్వలేదు.

"ఆగు" అన్నాడు. పళ్ళెంలో మిగిలిన పూల మీద ఒక తేనెటీగ వాలి ఉంది. వాడు పళ్ళేన్ని కదిలించకుండా పట్టుకున్నాడు. "నీ ఉద్యోగం పోయినాది ఎలీషబా. అసలు మనిషి వచ్చినాడు."

*

నాలుగో రోజు పిందె రాలలేదు. ఐదో రోజు కాస్త ఊరింది. ఎలీషబా రోజుకు రెండుసార్లు చూసేది. సుబ్బులు ఎవరూ లేనప్పుడు చూసేది. కాయ బరువెక్కి తీగను కిందికి లాగితే, గోడ మీద ఆనేలా సర్ది, తడి తగలకుండా అడుగున టీచర్ ఇచ్చిన పలక పెట్టారు. అది తేనెటీగ అని రాసి ఉన్న పలకే. మగపూలు గిల్లడం ఆపేశారు. రెండు వారాలకు పొద్దున పూట రేకుల మీద తేనెటీగల చప్పుడు ఇంట్లోకి వినిపించింది. కేథరిన్ బిడ్డను ఆ పక్కన పడుకోబెట్టడం మానేసింది. పిందెలు ఇంకో నాలుగు నిలిచాయి.

పాల్ రాజు ఇళ్ళకు ప్రార్థనకు వచ్చిన రోజున సుబ్బులు ఆయనకు కుర్చీ వేసి, మంచినీళ్ళు ఇచ్చి, విషయం చెప్పింది.

"మీ వాక్యం విని మా పిల్ల పూలన్నీ గిల్లినాది అయ్యగారూ."

"నేను చెప్పింది మనుషుల గురించి సుబ్బులమ్మా. గుమ్మడి గురించి కాదు."

"మనుషుల్లో మాత్రం యాది గొడ్డుదో యాది కాదో మనకేం తెలుసు అయ్యగారూ?"

పాల్ రాజు నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. తీగ చూపించమన్నాడు. ఆడపువ్వు ఏదో మగపువ్వు ఏదో ఎలీషబా చూపించింది. ఆయన రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు.

నవంబరు ఆఖరి ఆదివారం చర్చి నిండింది. బల్ల ముందు కందుల బస్తాలు, సజ్జలు, కోళ్ళ బుట్టలు పెట్టారు. యోబు ఒక మేకను తెచ్చి స్తంభానికి కట్టేశాడు. గోడ ఎక్కిన మేకే అది. లక్ష్మీప్రసన్న టీచర్ మార్కాపురం పోకుండా ఆగి, పిల్లలతో పాటు చాప మీద కూర్చుంది. ఎలీషబా కాయను ఎత్తలేకపోయింది. ఎజ్రా ఒక పక్క పట్టుకున్నాడు.

"ఎడ్లబండి మాట్లాడాల్సింది" అన్నాడు దారిలో.

సాక్ష్యాల వేళ ఎలీషబా మైకు తీసుకుంది.

"నేను మాట ఇచ్చిన గుమ్మడికాయ ఇదే. కొన్నది గాదు. దీని తల్లి మా ఇంట్లో ఉన్నాది. తండ్రి ఎజ్రా వాళ్ళ మేకల కొట్టం మీద ఉన్నాడు."

చర్చిలో ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు మొదలైంది. అది మగవాళ్ళ వైపుకు పాకింది.

"ఎజ్రాగాడు," అని ఎలీషబా ఆగింది. "ఎజ్రా పువ్వు ఇచ్చినాడు. యోబు చిన్నాయన పళ్ళెంలో తెచ్చినాడు. టీచర్ చెప్పినాది. తేనెటీగలు వచ్చినాయి. వీళ్ళందరూ లేకపోతే ఈ కాయ లేదు. నేను ఒక్కదాన్నే ఇస్తానని ఆరోజు చెప్పినా. అది తప్పు. అందరం కలిసి ఇస్తన్నాం." మళ్ళీ కాస్త ఆగింది. "పెద్దదే" అంది.

సంఘం గట్టిగా ఆమెన్ అంది. పాల్ రాజు ఆ రోజు ప్రసంగంలో కొమ్మల జోలికి పోలేదు. గొడ్డుదని మనం పేరు పెట్టినదానికి దేవుడు ఏం పని పెట్టాడో అడిగి తెలుసుకోవాలి, అన్నాడు. అంతటితో ముగించాడు.

వేలం పాడించేది సంఘపెద్ద నిత్యానందం. గుమ్మడికాయ దగ్గరికి వచ్చేసరికి టీచర్ ఒక పాట పాడింది, యోబు ఒకటి పెంచాడు. శనివారమే వచ్చిన ఎలీషబా నాయన ఇంకొకటి పెంచాడు. యోబు తగ్గలేదు.

"మగపెళ్ళివారం. మాకే రావాల" అన్నాడు. కాయ అతనికే పోయింది.

"సగం ఆడపెళ్ళివారికి పంపియ్యాల" అంది సుబ్బులు కూర్చున్న చోటి నుంచే.

"ముక్కలు గాదు పెద్దమ్మా, మొత్తం విందులోకి ఇస్తన్నా. ఊరంతా పెళ్ళివారే."

తర్వాత మేక వంతు వచ్చింది. నిత్యానందం తాడు పట్టుకుని పాట మొదలుపెట్టబోయాడు. సుబ్బులు లేచి నిలబడింది.

"ఆగు నిత్యానందం. ఆ మేకలో మా మొదటి తీగ ఉన్నాది. ఆకులతో సహా తినినాది. ఆ సగం మాది. మిగతా సగానికి పాట పెట్టు."

చర్చిలో పిల్లలు కూడా పొట్ట పట్టుకుని నవ్వారు. టీచర్ పక్కనున్న రూబీ వైపు వంగి, "విన్నావా? పరీక్షలో ఇదే అడుగుతాను. మేకలో గుమ్మడి తీగ ఎలా ఉంటుంది?" అంది.

"తినింది గదా టీచర్" అంది రూబీ. "ఇప్పుడు మేకను మనం తింటే మనలో ఉంటాది."

మధ్యాహ్నం విందులో గుమ్మడికాయ పులుసు వండారు. తొక్కలు మేకకు వేశారు. వేలంలో దాన్ని పాడుకున్నాయన, సాయంత్రం తోలుకుపోతానని అక్కడే కట్టేసి ఉంచాడు. గింజలను ఎలీషబా కడిగి, తేనెటీగ పలక మీద ఎండబెట్టింది. పదకొండు మందికీ ఇవ్వాలని టీచర్ చెప్పింది. రెండు గింజలు ఎక్కువ కావాలని ఎజ్రా ఒక మూల కూర్చుని అడుగుతూనే ఉన్నాడు. పళ్ళెం పట్టుకున్నందుకట.

భోజనాలయ్యాక టీచర్ సుబ్బులు దగ్గరికి వచ్చి స్కూటీ తాళంచెవి చేతిలో తిప్పుతూ నిలబడింది.

"అవ్వా, తీగ ఇంకా పూస్తూ ఉందా?"

"పూస్తాంది."

"ఆ బజ్జీలు..."

సుబ్బులు మనవరాలి వంక చూసింది. ఎలీషబా లేచి చర్చి వాకిట్లోకి పోయి, నీడ ఎక్కడి దాకా వచ్చిందో చూసి వచ్చింది.

"ఇప్పుడు కోయచ్చు టీచర్" అంది. "ఈ పాటికి పూలు ముడుచుకుని ఉంటాయి. తేనెటీగలు తినేసి పోయుంటాయి."

"నూనె పెట్టు కేథరిన్" అంది సుబ్బులు, ఇంటి దారి పడుతూ.